కోడిబొమ్మ లేని సీసా

ఉప్పల్,
9 ఆగస్టు 2011.

శ్యామలమ్మ వదినగారికి,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగా లేనివి దొరబాబు మోకాళ్లే.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని విసుక్కోకండి. మన మధ్య ఫోన్ వద్దని తీర్పు చెప్పింది మా ఆయనా మీ ఆయనా కలిసే కదా. పెళ్లిలో అప్పగింతలప్పుడు "అమ్మాయితో పాటు కుక్కని కూడా అరణం పంపుతున్నారా" అని నేను నవ్వులాటకి అన్నాను. దానికి మీరు ఏడాది తిరిగినా కోపం దించుకోలేదు. ఫోనెత్తితే మీ నోరూ ఆగదు, నా నోరూ ఆగదు. కాగితం మీదైతే రాసేలోపు వేడి తగ్గుతుందని మగవాళ్ల ఆలోచన. ఈ ఒక్క విషయంలో వాళ్లకి బుర్ర ఉందని ఒప్పుకుంటున్నాను. దీన్ని మీ అన్నయ్యగారు స్కూటర్ మీద తెచ్చి మీ చేతికే ఇస్తారు.

పిల్లలిద్దరూ పూణే వెళ్లి నెల దాటింది. మా తేజేష్‌కి అక్కడ అన్నం సరిపడటం లేదట, మీ స్వర్ణలతకి మాత్రం బాగానే ఉందట. వాళ్ల ఫ్లాట్లో కుక్కల్ని రానివ్వరు. మీదేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని మీరు పెంచి అమ్మాయి వెంట పంపిన కుక్క, ఈ దొరబాబు, నా నెత్తిన పడింది. పుట్టి బుద్ధెరిగాక కుక్కని ముట్టుకోని మనిషిని నేను. ఇప్పుడు పొద్దున్నే లేచి వాడి మొహం చూస్తున్నాను.

అసలు సంగతి ఇది. వాడు లేవడానికి అవస్థ పడుతున్నాడు. ముందుకాళ్లు ఊని, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ మూలుగుతాడు. రెండు మెట్లు దిగడానికి నా వైపు చూస్తాడు. నేను మొయ్యగలనా? మీ దగ్గర ఉన్నప్పుడు ఏదో మందు వాడేవారని స్వర్ణలత చెప్పింది. అదేమిటో రాయండి, లేదా పంపండి. చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
అన్నపూర్ణమ్మ

నాచారం,
14 ఆగస్టు 2011.

అన్నపూర్ణమ్మ వదినెకు దండాలు.

మీ ఉత్తరం సదివిన. అరణం ముచ్చట మళ్ల తీసిన్రు. మీది మీరే నవ్వులాట అనుకుంటె ఎట్ల? నవ్వాల్సింది నేను గదా, నాకు నవ్వు రాలే. సరె, ఇడిసిపెడుదాం.

దొరబాబుకు పదకొండేండ్లు. ఈడు పిల్లగ ఉన్నప్పుడు మీ అన్న మల్లాపూర్ కంపెనీ గేటు కాడికెల్లి సంచిల ఏసుకొచ్చిండు. ఆ పేరు పెట్టింది నేనే. మా జనగామ దిక్కు ఊళ్లె దొరను కూసో అంటె కూసుండేటోడు కాదు. ఈ దొరను కూసో అంటె కూసుంటడు. నాకు గది మస్తు సంబురం.

మోకాళ్లకు హబ్సిగూడల ఉమామహేశ్వర్ డాక్టర్ రాసిన మాత్రలున్నయ్. మీ అన్నతోని కాఫీ పొడి సీసల పోసి పంపుతున్న. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి, తిండి తిన్నంక పెట్టున్రి. నమిలి తినేటి మాత్రలు. వానికి మస్తు ఇష్టం. ఇంకోటి ఇయ్యమని కాళ్ల మీద పడతడు, నెత్తి రుద్దుతడు. కరిగిపోకున్రి. రెండంటె రెండే. అవేంటివి, దేంతోని చేసిన్రు అని అడగకున్రి. మాత్రలంటె మాత్రలే.

ఇంకో మాట ముందే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు. మేము కిందిల్లు దేవులాడుతున్నం. దొరికిన నాడు వాన్ని నా ఇంటికి తెచ్చుకుంట. వాడు నా చెయ్యి తిండి తిని పెరిగిండు.

ఉంట,
శ్యామలమ్మ

ఉప్పల్,
18 సెప్టెంబర్ 2011.

వదినగారికి,

మాత్రలు భేషుగ్గా పనిచేస్తున్నాయి! వారం దాటేసరికే దొరబాబు తనంతట తాను లేవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వీధి చివర దామోదర్ కిరాణా కొట్టు దాకా నడిచి, అక్కడ పిల్లిని చూసి మొరిగి, మహారాజులా తిరిగి వస్తున్నాడు. మీ అన్నయ్యగారికి కూడా ఆ మాత్రలు వేద్దామా అన్నాను. ఆయనకి కోపం వచ్చింది.

వాడు మాట వింటాడని ఒప్పుకుంటున్నాను. పూజ చేసుకుంటుంటే గడప అవతలే కూర్చుంటాడు, ఒక్క అడుగు లోపల పెట్టడు. హారతి గంట మోగితే చెవులు నిక్కిస్తాడు. నిన్న కూరగాయలమ్మే ఆవిడతో "మా వాడికి క్యారెట్ ఇష్టం" అన్నాను. ఎవరండీ మీ వాడు అని అడిగిందామె. చెప్పడానికి సిగ్గేసింది.

సీసా భద్రంగా పెట్టాను. మీరన్నట్టు రెండంటే రెండే ఇస్తున్నాను.

ఇల్లు వెతకడంలో తొందరపడకండి. చెంగిచెర్ల వైపు చూస్తున్నారని మీ అన్నయ్యగారు అన్నారు. అటు దోమలు ఎక్కువని విన్నాను. నీళ్ల ఇబ్బంది కూడా ఉందట. బాగా ఆలోచించుకోండి.

అన్నపూర్ణమ్మ

ఉప్పల్,
12 అక్టోబర్ 2011.

వదినగారికి,

నిన్న డాక్టరు గారి వరండాలో ఒకే బెంచీ మీద అంతసేపు కూర్చుని ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. నోరు విప్పితే పోట్లాటే అని మీకూ భయం, నాకూ భయం. మీరు రాకముందు ఏం జరిగిందో మీకు తెలియాలి. అందుకే రాస్తున్నాను.

భోజనాలయ్యాక ఆరేసిన బట్టలు తియ్యడానికి డాబా మీదకి వెళ్లాను. దిగి వచ్చేసరికి వరండాలో సీసా దొర్లుతోంది. మూత నమిలేసి ఉంది. లోపల ఒక్క మాత్ర లేదు. వాడు మూతి నాక్కుంటూ, ఇంకా ఉన్నాయా అన్నట్టు తోక ఊపుతూ నిలబడ్డాడు. 

మీ అన్నయ్యగారు ఉప్పునీళ్లు పట్టించి కక్కిద్దాం అన్నారు. పక్కింటి శాంతాబాయి పెరుగన్నం పెడితే విరుగుడంది. నాకెప్పుడూ ఒకటే పద్ధతి. తెలియనప్పుడు చెయ్యకూడదు, తెలిసినవాళ్లని అడగాలి. ఇద్దర్నీ పక్కకి తప్పుకోమని ఇక్కడ మా ఉప్పల్లో ఉన్న కుక్కల డాక్టరు గారికి ఫోన్ చేశాను. "ఏమీ పెట్టొద్దు, ఏమీ తాగించొద్దు. ఉప్పునీళ్లు అసలే వద్దు, అదే ప్రాణం తీస్తుంది. ఎంతసేపైంది? ఎన్ని తిన్నాడు? బరువెంత? సీసా మీద ఏం రాసుందో చదవండి" అన్నారు. సీసా మీద ఏముంటుంది, కాఫీ పొడి పేరుంది! "కొన్ని మాత్రల్లో నొప్పి మందు కూడా కలుపుతారమ్మా. అదుంటే కిడ్నీలకి ముప్పు, వైద్యం వేరుగా చెయ్యాలి. అసలు డబ్బా కావాలి" అన్నారు.

అప్పుడిక తీర్పు లేదు, గీర్పు లేదు. మీకు ఫోన్ చేశాను. మీరు తిట్టలేదు. "అసలు డబ్బా నా తాన్నే ఉన్నది, తెస్తున్న" అని పెట్టేశారు. ప్రత్యేక రాష్ట్రం కోసం నడుస్తున్న సమ్మె మూలంగా బస్సులు లేవు, నిన్న ఆటోలూ తిరగలేదు. అన్నయ్యగారు కంపెనీ సరుకుల ట్రాలీ బండి వేసుకుని మా గేటు ముందు ఆగినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. మీరు చూశారు. చూసి మొహం తిప్పుకున్నారు, అందుకు మీకు రుణపడి ఉంటాను.

కక్కించే ఇంజెక్షన్ దగ్గర్నుంచి మీరూ ఉన్నారు కనుక మళ్లీ రాయను. నొప్పి మందు కలవలేదని తేలడం మన అదృష్టం. కానీ అన్ని మాత్రలు ఒక్కసారి పడితే కాలేయం దెబ్బతినొచ్చట. నిన్నటి రక్తపరీక్ష బాగున్నా నమ్మడానికి లేదు, అసలు సంగతి రేపటి పరీక్షలో తెలుస్తుందని డాక్టరు గారు నాతో విడిగా అన్నారు. అది మీకు చెప్పకుండా ఉండలేను.

సీసా వాడికెలా అందిందో నాకు తెలియదు. కుక్క కదా, ఎక్కడ పెట్టినా పసిగడుతుంది.

అన్నపూర్ణమ్మ

నాచారం,
13 అక్టోబర్ 2011.

వదినె,

మీ ఉత్తరం రెండు మాట్ల సదివిన. ఉప్పునీళ్లు తాపనియ్యలే సూడున్రి, గది మంచి పని చేసిన్రు. మీ తావుల నేనుంటె భయానికి తాపుతుంటినేమో. మీకు గుండె గట్టిది.

ఆ రోజు చౌరస్తాల సమ్మె పోరగాండ్లు మా ట్రాలీ ఆపిన్రు. మీ అన్న దండం పెట్టి "తమ్మీ, కుక్క పానం మీదికి వచ్చింది, జర ఇడువున్రి" అన్నడు. "ఏం పేరే?" అన్నడొకడు. "దొరబాబు" అన్న నేను. "దొర గూడ ఇయ్యాల్నే మంచాన పండాల్నా!" అని అందరు నవ్విన్రు. నవ్వుకుంటనే రాళ్లు జరిపి తొవ్వ ఇచ్చిన్రు. నాకప్పుడు నవ్వు రాలే. ఇప్పుడు రాస్తుంటె వస్తుంది.

ఇగ అసలు మాట. సీస యాడ పెట్టిన్రు?

మీ వంటింట్ల ఇనుప అల్మార ఉన్నది. నేను కండ్లార చూసిన. చక్కెర, చింతపండు, సూదిదారం దాక అన్ని అండ్లనే పెట్టి గొళ్లెం ఏస్తరు. మోకాళ్లు పోయిన కుక్క అల్మార ఎక్కి గొళ్లెం తీస్తదా? పసిగడుతది అని రాసిన్రు. పసిగట్టనీకి ముక్కు కావాలె, అందుకోనీకి కాళ్లు కావాలె. వానికి కాళ్లు లెవ్వని మీరే రాసిన్రు.

చెంగిచెర్లల కిందిల్లు దొరికింది. రెండర్రలు, ముందట జర జాగ. దోమలు ఉప్పల్ల కంటె ఎక్కువేం లెవ్వు. వచ్చే నెల మొదట్ల మారుతున్నం. దొరబాబును తీసుకపోత.

సీస సంగతి రాయున్రి.

శ్యామలమ్మ

ఉప్పల్,
15 అక్టోబర్ 2011.

వదినగారికి,

రెండో పరీక్షలో కాలేయం అంకెలు బాగా పెరిగాయి. డాక్టరు గారి మొహంలో నవ్వు లేదు. రోజూ సెలైన్ పెట్టించాలి, కాలేయానికి సిరప్ పట్టాలి, చిగుళ్లూ కళ్లూ పచ్చబడుతున్నాయేమో చూస్తూ ఉండాలి అన్నారు. వాడు క్యారెట్ కూడా ముట్టలేదు. గడప దగ్గర తల పెట్టి పడుకున్నాడు. గంట మోగినా చెవి కదపలేదు. పోతాడేమోనని నాకు భయంగా ఉంది వదినగారూ.

మీరడిగినదానికి సమాధానం రాస్తున్నాను. మొన్న రాసింది అబద్ధం. సీసా వరండాలో చెప్పుల అరలో పెట్టాను.

మూత తీసిన మొదటి రోజే నాకు కోడికూర వాసన తగిలింది. మా ఇంట్లోకి మాంసం రాదని మీకు తెలుసు. మా అమ్మ హయాంలో లేదు, నా హయాంలో లేదు. ఆ సీసాని వంటింట్లోకి తేవడానికి నా చెయ్యి రాలేదు. తిరిగి పంపిస్తే మీరు బాధపడతారు, ఇదేమిటని అడిగితే మళ్లీ అరణం లాంటి గొడవే అవుతుంది. సరే, కనపడకుండా బయట పెట్టేస్తే ఎవరి మనసూ నొచ్చుకోదనుకున్నాను. మీ మీద మర్యాదతోనే ఆ పని చేశాను. కింది అరలో, చెప్పుల వెనక. వాడి మూతికి సరిగ్గా అందే ఎత్తులో.

డాక్టరు గారికి చెప్పలేదు, మీ అన్నయ్యగారికి చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

అన్నపూర్ణమ్మ

నాచారం,
19 అక్టోబర్ 2011.

వదినె,

మీ ఉత్తరం సదివి కాగితం మంచం మీద ఇసిరికొట్టిన. చెప్పుల అరల! నేను పంపిన సీస, నా చేతులతోని పోసిన మాత్రలు, చెప్పుల నడుమ! మా బిడ్డ చేసిన వంట తింటరు గదా మీరు? ఆమె చేతులు మాంసం కడిగిన చేతులు గావా? రెండు దినాలు మీ అన్నతోని గూడ సక్కగ మాట్లాడలే. ఆయన అన్నం ముందట కూసోని "నన్నెందుకు తిడుతున్నవే?" అన్నడు. ఆయన్ని గాదు, మిమ్ములను తిడుతున్న.

తిట్టుడు అయినంక నాకు నేను గుర్తొచ్చిన.

అసలు డబ్బ మీద ఇంత పెద్ద కోడిబొమ్మ ఉంటది. ఎర్ర తురాయి, పసుపు ముక్కు. కోడి కాలేయం కలిపిన మాత్రలని పెద్ద అక్షరాల రాసుంటది. ఆ డబ్బ మీ ఇంటికి పంపితె మీరేమనుకుంటరో అని నాకు సంకటమైంది. బొమ్మ కనబడొద్దని కాఫీ పొడి సీసల పోసిన. అవి దేంతోని చేసిన్రని అడగకున్రి అని గూడ రాసిన. అది గూడ మర్యాదనే. మీ ఇంటి పద్ధతి చెడగొట్టొద్దని. డబ్బనే పంపి "వదినె, దీంట్ల కోడి ఉన్నది, యాడ పెడ్తరో చెప్పున్రి" అని అడిగితె, మీరు ముందు గది అల్మారల్నో, డాబా గదిల్నో గొళ్లెం ఏసి పెడుదురు. డాక్టర్ అడిగినప్పుడు చదువనీకి చిట్టి గూడ ఉండేది. మీరు నాకు తెల్వకుండ దాచిన్రు, నేను మీకు తెల్వకుండ దాచిన. మన ఇద్దరి మర్యాదల నడుమ వాని పానం పోయేటట్టున్నది. నాకు ఏడుపొస్తుంది.

అయినా వాన్ని తీసుకపోత. ఈ మాటల మార్పు లేదు. నేను మీ మీద కోపంతోని రాస్తలేను. వాడు యాడుంటె బతుకుతడో గది చూస్కోవాలె నేను.

ఒక్కటి అడుగుత. వానికి బాగైతె మాత్రలు మళ్ల మొదలు పెడ్తరు. మీ ఇంట్ల ఉంటె అవి యాడ పెడుదురు, ఎవరి చేతితోని ఇద్దురు? నన్ను మురిపించేటట్టు రాయకున్రి. ఉన్నది ఉన్నట్టు రాయున్రి.

శ్యామలమ్మ

ఉప్పల్,
31 అక్టోబర్ 2011.

వదినగారికి,

అంకెలు దిగాయి! మొన్నటి పరీక్షలో సగానికి వచ్చాయి, ఇవాళ్టి పరీక్షలో దాదాపు మామూలుకి వచ్చేశాయి. డాక్టరు గారు నవ్వారు. "మీరు ఆలస్యం చెయ్యకుండా, ఏ నాటు వైద్యమూ చెయ్యకుండా తెచ్చారు, అదే కాపాడింది" అన్నారు. నేను ఒక్కదాన్నే కాదు, డబ్బా తెచ్చినావిడ కూడా ఉందని చెప్పాను. దొరబాబు నిన్న పెరుగన్నం తిన్నాడు, ఇవాళ పొద్దున పిల్లి మీదకి లేచాడు. మీరు ప్రతి ఆదివారం వచ్చి గేటు దగ్గర నిలబడి చూసి వెళ్తున్నారని నాకు తెలుసు. లోపలికి రమ్మంటే రాలేదు. అదీ తెలుసు.

మాత్రలు రోజుకి ఒకటి చొప్పున మళ్లీ మొదలుపెట్టమన్నారు. మీరు ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు, రాస్తున్నాను.

కొత్తగా కొన్న కోడిబొమ్మ డబ్బా ముందు గది అల్మారాలో ఉంది. పై అరలో, తాళం వేసి. వంటింట్లో పెట్టలేదు. పెట్టలేను, ఇక ముందూ పెట్టను. అరవై ఏళ్ల అలవాటు ఒక్క కుక్క కోసం పోతుందని నేను అబద్ధం రాయలేను. మాత్ర మాత్రం నా చేత్తోనే ఇస్తున్నాను. మీ అన్నయ్యగారు తానిస్తానన్నారు, వద్దన్నాను. వాడు నా అరచెయ్యంతా నాకుతాడు. ఇచ్చాక సబ్బుతో రెండుసార్లు చెయ్యి కడుక్కుంటున్నాను. కడుక్కోవడం మానేశానని రాస్తే మీ మనసు కరుగుతుందేమో. కానీ కడుక్కుంటున్నాను.

మీ అమ్మాయి వంట తింటాను. దాని చేతులు ఏం కడిగాయో ఎప్పుడూ అడగలేదు. అడగను. అది మా ఇంటి పిల్ల.

ఇప్పుడు నా మాట. వాణ్ణి పెంచింది మీరు, హక్కు మీది. తీసుకెళ్తానంటే గొలుసు నేనే మీ చేతిలో పెడతాను. కానీ నాకు ఇవ్వాలని లేదు. వాడు లేకపోతే ఈ ఇంట్లో పొద్దున్నే లేవడానికి నాకు మనసొప్పదు. ఇంతకంటే తిన్నగా రాయడం నాకు రాదు.

అన్నపూర్ణమ్మ

చెంగిచెర్ల,
6 నవంబర్ 2011.

వదినె,

మొన్న ఈ ఇంటికి వచ్చినం. పాలు పొంగిచ్చినం. ముందటి జాగల వానికోసమని గోనెసంచి మడతేసి పరిచిన, పక్కకు నీళ్ల గిన్నె పెట్టిన. మీ అన్న ట్రాలీ గూడ తుడిచి పెట్టిండు, ఉప్పల్ పోయి తెద్దామని.

అప్పుడు మీ ఉత్తరం వచ్చింది. ఆయనకు సదివి వినిపిచ్చిన. చెయ్యి రెండుమాట్ల కడుక్కుంటున్న అన్న కాడ ఆయన నా దిక్కు చూసిండు, నేను ఏమంటనో అని. నేను ట్రాలీ లోపట పెట్టుమన్న.

కడుక్కుంటలేనని మీరు రాయొచ్చు. రాస్తె నేను నమ్ముదును. నమ్మి, మంచిగనే ఉన్నది అనుకొని, అయినా వాన్ని తీసుకపోదును. మీరు కడుక్కుంటున్న అని రాసిన్రు. ఇగ మీ ఇంట్ల వానికి ఏమైనా మీరు దాచరు, నాకు తెలుస్తది. అందుకే వాడు మీ తాన్నే ఉంటడు.

గోనెసంచి తీస్తలేను. మీరు ఊరికి గీరికి పోతె వాన్ని ఈడికి తోలున్రి.

వచ్చే ఆదివారం వస్త. ఈసారి గేటు కాడ నిలబడ, లోపటికి వస్త. వాన్ని చూసి ఒక్కదాన్నే మళ్లి పోత.

శ్యామలమ్మ